నిరోష్ఠ్యకావ్యమును యంత్రమూలక వర్ణగణనమును

అక్షరములను లెక్కించుట భారతదేశమున మిక్కిలి ప్రాచీనమైన విద్య. శతపథబ్రాహ్మణము ఋక్కుల పరిమాణమును 12,000 బృహతీచ్ఛందములుగా నిర్ణయించినది. బృహతికి 36 అక్షరములు గావున మొత్తము 4,32,000 అక్షరము లగుచున్నవి. తరువాతి కాలమున అనుక్రమణికాకర్తలు సూక్తములకును, ఋక్కులకును, ఛందస్సులకును పట్టికలు వేసిరి. లేఖకులు గద్యమునైనను పద్యమునైనను 32 అక్షరముల ప్రమాణముతో ‘గ్రంథము’లుగా గణించి వ్రాఁత యెంత జరిగినదో తెలుపుచుండిరి. ఈ గణనములలో ముఖ్యప్రయోజనము పాఠరక్షణము. లెక్క తప్పినచోట పాఠమును తప్పినదని తెలియును.

ఈ పనిని నేఁడు గణకయంత్రము, అనఁగా కంప్యూటరు, చేయఁగలుగుచున్నది. గ్రంథమును యంత్రమునకెక్కించి, ప్రోగ్రామింగు భాషలో నొక్క వాక్యము వ్రాసినచో, ఫలానా అక్షరము అందెన్ని మాఱులు వచ్చినదో ఱెప్పపాటులోఁ దెలియును. కాని యంత్రము లెక్కించునది దేనిని? తెలుఁగువాఁడు చూచి ‘అక్షర’ మనునదానినా, వైయాకరణుఁడు ‘వర్ణ’ మనుదానినా, లేక ఈ రెండును గాని మూఁడవదానినా? ఈ ప్రశ్నకు సమాధానము తెలియక వేసిన పట్టిక కావ్యమునకు మేలు చేయకపోఁగా కవిపై లేని దోషము నారోపింపఁగలదు; ఉన్న దోషమును కప్పిపుచ్చనుఁగలదు. దీనిని పరీక్షించుటకు నల్లగొండ సీమ కావ్యమొకటి మిక్కిలి తగియున్నది.

నల్లగొండ సీమతో సంబంధము గల మరింగంటివారి వంశమునందు పెక్కండ్రు కవులు పుట్టిరి. వారిలో సింగరాచార్యులు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షాహి (1550–1580) కాలమువాఁడు. ఆయన రచించిన ‘దశరథరాజనందనచరిత్ర’ నిరోష్ఠ్యముగా నడచిన రామకథ. పెదవులు తాఁకి పుట్టు వర్ణము లొక్కటియు లేకుండ రచించుట నిరోష్ఠ్యము. సంస్కృతమున దండి దశకుమారచరితమునందు సప్తమోచ్ఛ్వాసమును ఇట్లు నడపెను. అందు మంత్రగుప్తుఁడు, ప్రియురాలి దంతక్షతముచే పెదవి నొచ్చినవాఁడు గావున, ఓష్ఠ్యవర్ణములను విడిచి తన కథను చెప్పును. సంస్కృతమున నొక్క ఉచ్ఛ్వాసమునకే అద్భుతమనిపించిన నియమమును తెలుఁగున కావ్యమంతటికిఁ బట్టించుట యెట్టి సాహసమో తెలియవలెనన్నచో ముందు నిషిద్ధవర్ణములను పేర్కొనవలెను.

శాస్త్రప్రకారము ఉకారమును (హ్రస్వదీర్ఘములు రెండును), ప ఫ బ భ మ అను పవర్గమును ఓష్ఠ్యములు. ఓకార ఔకారములు కంఠోష్ఠ్యములు. తెలుఁగునందలి హ్రస్వమైన ఒకారమును వీనితోఁ జేరును. వకారము దంతోష్ఠ్యము. దీనిని నిషిద్ధములలోఁ జేర్చుటయా మానుటయా యనునది గణనమునకు ముందే నిర్ణయింపఁదగినది. విసర్గమునకు ప ఫల ముందు కలుగు ఉపధ్మానీయమును ఓష్ఠ్యమే గాని, ప ఫలు లేనిదే అది లేదు గనుక దానికి వేఱు లెక్క యక్కఱలేదు.

ఈ నియమముతో రామకథను చెప్పఁబూనిన కవికి మొదట నాయకుని పేరే లోపించును. ‘రామ’ యందు మకారమున్నది. ‘లక్ష్మణ’ యందును మకారమే. ‘భరత’ యందు భకారము, ‘శత్రుఘ్న’ యందు ఉకారము. నలువురు సోదరులలో నొక్కని పేరైనను పలుక వీలులేదు. ‘కౌసల్య’, ‘సుమిత్ర’, ‘హనుమ’, ‘అయోధ్య’ అన్నియు నిషిద్ధములే. వకారమునుగూడ విడిచినచో ‘రాఘవ’, ‘వాలి’, ‘రావణ’ యనునవియు పోవును. మిగులునవి సీత, జానకి, కైక, దశరథ, దశకంఠ, సాకేత, లంక మొదలగు కొలఁది పేర్లు. కావ్యనామమునందు రామశబ్దమునకు మాఱుగా ‘దశరథరాజనందన’ శబ్దమున్నది. ఆ నామమున మొదటినుండి తుదివఱకు నొక్క ఓష్ఠ్యవర్ణమును లేదు. నియమము కావ్యము పేరినుండియే మొదలైనది.

పేర్లకన్న కష్టమైనది తెలుఁగు వ్యాకరణము. ప్రథమావిభక్తి ప్రత్యయములైన డు, ము, వు, లు అను నాలుగును ఉకారాంతములు. కావున పుంలింగమునందు ‘దశకంఠుఁడు’ అని కర్తను చెప్పుటకు సైతము తావులేదు. స్త్రీలింగమున సీత, జానకి యని ప్రత్యయము లేకుండ నిలుచు పదములును, తండ్రి, తల్లి, అన్న వంటి తెలుఁగు పదములును దక్కును. భరతుఁడు ‘అన్న’ యని పిలువఁగలఁడు; రాముఁడు ‘తమ్ముఁడా’ యని బదులు పలుకలేఁడు. ద్వితీయలో నిన్, లన్ నిలుచును. నున్, కూర్చి, గుఱించి పోవును. తృతీయలో చేతన్, చేన్ మాత్రమే. తోడన్, తోన్ లేవు. చతుర్థిలో కై యొక్కటి. పంచమిలో కంటెన్ ఒక్కటి నిరాక్షేపము. షష్ఠిలో కిన్ దక్కును. కున్, యొక్క, లోన్, లోపలన్ దక్కవు. సప్తమిలో అందున్ పోయి నన్ నిలుచును. తెలుఁగు ధాతువులు ఉకారాంతములు గావున ‘చేయును’, ‘చేయుచు’, ‘చేసినాఁడు’ మొదలగు రూపములు తొలఁగును. ‘చేసి’, ‘చేయక’, ‘చేసిన’, ‘చేసెన్’, ‘చేసిరి’, ‘చేసితిన్’, ‘చేసెదన్’ మొదలగునవి మిగులును. కవి యీ శేషించిన భాషతోనే కథ నడపవలెను.

ఇట్టి కావ్యమునకు గణనము అలంకారము గాదు. పాఠపరిష్కరణమున కది ముఖ్యసాధనము. తాళపత్రములను ప్రతి యెత్తు లేఖకుఁడు తనకు పరిచితమైన రూపమును తెలియకయే వ్రాయుట కలదు. ‘చేసెన్’ అనుచోట ‘చేసెను’ అని వ్రాసెననుకొనుఁడు. ‘సెన్’ అనునది యొక గురువు. ‘సెను’ రెండు లఘువులు. తేటగీతి, ఆటవెలఁది వంటి ఉపజాతులలో సూర్యగణమునకు గలమైనను నగణమైనను చెల్లును. గురువు పోయి రెండు లఘువులు వచ్చినను గలము నగణమగును, ఛందస్సు చెడదు. అర్థమును చెడదు. ఛందోవేత్తయు, అర్థము చూచు వ్యాఖ్యాతయు ఈ ప్రమాదమును పట్టలేరు. ఓష్ఠ్యగణన మొక్కటియే దీనిని పట్టఁగలదు: నిరోష్ఠ్యపద్యమున నొక్క ఉకారము కనఁబడెనా, అది లేఖకదోషమై యుండవచ్చునని పరిష్కర్త మేలుకొనును. ఇతర కావ్యముల పాఠమును నిర్ణయించుటకు పలు ప్రతులు కావలెను. నిరోష్ఠ్యకావ్యమునకు ప్రతి యొక్కటియే దొరకినను, దానియందే యొక సాక్షి కలదు.

పెక్కు పద్యములందు ఈ సాక్షిని విచారించుటకు మానవుని కన్ను అలసిపోవును. యంత్ర మలయదు. కావున యంత్రమును నియోగించుట యుక్తమే. దాని నడత యెట్టిదో తెలియవలెను.

యంత్రము లిపిని చూడదు, సంఖ్యలను చూచును. వ్రాఁతలోని ప్రతి చిహ్నమునకును నొక సంఖ్య నియమింపఁబడియున్నది. భారతీయ లిపులకు ఇస్కీ యను ప్రమాణము 1991లో భారతీయ ప్రమాణముగా వెలువడినది. ప్రపంచ లిపులన్నిటికిఁ బనికివచ్చు యూనికోడ్ మొదటి భాగమును ఆ సంవత్సరముననే ప్రకటితమైనది. అందు తెలుఁగునకు 128 స్థానములు గల యొక విభాగ మీయఁబడినది. ప్రోగ్రామింగు భాషలు ఈ సంఖ్యల వరుసను ‘స్ట్రింగు’ అనును. పైథాన్ అను భాష 1991లో మొదట ప్రకటింపఁబడినది. 2008లో వెలువడిన దాని మూఁడవ రూపమున స్ట్రింగు యూనికోడ్ సంఖ్యల వరుసయే. ‘లెన్’ అనునది వరుస పొడవును, ‘కౌంట్’ అనునది యందొక చిహ్న మెన్ని మాఱులు వచ్చినదో తెలుపును. సి యను ప్రాఁత భాషయందు స్ట్రింగు బైట్ల వరుస. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుఁగు చిహ్న మొక్కొక్కటి మూఁడు బైట్లు పట్టును.

కావ్యనామమునే లెక్కించి చూతము. ద-శ-ర-థ-రా-జ-నం-ద-న-చ-రి-త్ర యని అక్షరములు 12. వర్ణములుగా విడఁదీసినచో హల్లులు 13, అచ్చులు 12, అనుస్వారము 1, వెరసి 26. యూనికోడ్ చిహ్నములు హల్లులు 13, దీర్ఘము, గుడి, సున్న, విరామచిహ్నము ఒక్కొక్కటి కలిసి 17. బైట్లు 51. ఒకే నామమునకు పండ్రెండు, ఇరువదియాఱు, పదునేడు, ఏఁబదియొకటి యని నాలుగు లెక్కలు వచ్చినవి. నాలుగును సత్యములే; నాలుగును వేర్వేఱు ప్రశ్నలకు సమాధానములు.

ఈ నామమునందే రేఫ మెన్ని మాఱులు వచ్చినదని యడుగుఁడు. ‘ర’ యను అక్షరముగా నొక్కమాఱే. గుణింతముతోఁ గూడ రా, రి చేర్చినచో మూఁడు మాఱులు. ‘త్ర’ యందలి వత్తును చేర్చినచో నాలుగు. యంత్రము నాలుగని చెప్పును. వైయాకరణుఁడు నాలుగనియే చెప్పును. ఇచట వారిరువురికి మైత్రి కుదిరినది. అకార మెన్ని మాఱులని యడిగినచో మైత్రి చెడును. వైయాకరణుఁడు పది యనును: పండ్రెండచ్చులలో నొక ఆకారమును ఒక ఇకారమును పోఁగా పది మిగులును. యంత్రము సున్న యనును. హల్లునందడఁగియున్న అకారమునకు లిపిలో చిహ్నము లేదు. చిహ్నము లేనిదానికి సంఖ్య లేదు. సంఖ్య లేనిది యంత్రమునకు లేనేలేదు.

అకారము నిషిద్ధము గాదు గాన నిరోష్ఠ్యగణనమునకు దీనివలన బాధలేదు. బాధ ఉకారమునొద్ద మొదలగును. పదాదిని నిలిచిన ‘ఉ’కు యూనికోడ్ సంఖ్య 3081, హల్లుతోఁ గూడిన కొమ్మునకు 3137. వైయాకరణునకు ఇవి రెండును ఒకే వర్ణము. యంత్రమునకు ఈ రెంటికి బంధుత్వము లేదు. ‘ఉదకము’ అను పదమున ‘ఉ’ను లెక్కింపుమన్నచో యంత్ర మొకటి యనును, చెవికి రెండు ఉకారములు వినఁబడును. కావున ఓష్ఠ్యగణనమునకు ఐదు హల్లులు, ఐదు అచ్చులు (ఉ, ఊ, ఒ, ఓ, ఔ), ఆ యచ్చుల గుణింతచిహ్నములు ఐదు, వెరసి పదునైదు చిహ్నములను యంత్రమునకుఁ జెప్పవలెను. వకారమును నిషేధించువారు పదునాఱు చెప్పవలెను. అచ్చులను మాత్రమే చెప్పి గుణింతములను మఱచినవాని పట్టికలో ‘దశకంఠుఁడు’ సైతము నిరోష్ఠ్యమై నిలుచును.

చిహ్నములన్నియు చెప్పినపిమ్మటను కొన్ని చిక్కులు కలవు. మొదటిది అనుస్వారము. ‘కంబము’ అనుచోట సున్న మకారధ్వనియే గాని, ప్రక్కనున్న బకారము పట్టువడును గనుక తీర్పు మాఱదు. ‘హంస’, ‘సింహ’, ‘సంశయ’ మొదలగు శబ్దములలో నట్లు గాదు. శాస్త్రమున అనుస్వారము నాసికాస్థానము గలది. పెదవులతో దానికి పనిలేదు. తెలుఁగువాఁడు మాత్రము ‘హంస’ యని పలుకునపుడు పెదవులు మూయును. రెండవది ఋకారము. శాస్త్రమున నది మూర్ధన్యము. తెలుఁగు నోట ‘రు’ వలె వినఁబడి పెదవులను గుండ్రముచేయును. యంత్రము ఈ రెండు స్థలములందును ఓష్ఠ్యములేదనును, శాస్త్రమును లేదనును, చెవి యున్నదనును. ఇచట యంత్రము శాస్త్రముతో నేకీభవించుట దాని పాండిత్యమువలనఁ గాదు, చెవి లేకపోవుటవలన. కావ్యము శాస్త్రోక్తస్థానములనుబట్టి విచారింపఁదగినది గనుక తీర్పు సరియే. కారణము మాత్రము పరిష్కర్త తెలిసియుండవలెను.

మూఁడవది నకారపు పొల్లు. ‘చేసెన్’ వంటి రూపములు నిరోష్ఠ్యకవికి ప్రాణమని పైన తెలిసినది. ప్రాఁత వ్రాఁతలో ఈ పొల్లునకు ప్రత్యేకమైన రూప మొకటి యుండెను. యూనికోడ్ 2021లో దానికి 3165 అను ప్రత్యేకసంఖ్య నిచ్చినది. ఇపుడొక ప్రతిలో నకారమును విరామచిహ్నమును కలిపి వ్రాసి, మఱియొక ప్రతిలో ప్రత్యేకరూపమును వ్రాసినచో, వర్ణమొక్కటియైనను యంత్రమునకవి వేఱు. ద్రుతాంతములను లెక్కించువారు రెంటిని చేర్పవలెను. నాలుగవది ఐత్వము. దానిని ఒకే చిహ్నముగానైనను, ఎత్వమును ఐత్వపుగుర్తును కలిపి రెండు చిహ్నములుగానైనను వ్రాయవచ్చును. కంటి కొక్కటియే కనఁబడును. గణనమునకు ముందు ప్రతిని ఏకరూపమునకుఁ దెచ్చుట యావశ్యకము.

వర్ణముల సంఖ్యను గూర్చిన విచారము దక్షిణ తెలంగాణమున క్రొత్తది గాదు. నన్నయకృతమని ప్రసిద్ధమైన ఆంధ్రశబ్దచింతామణికి తెలుఁగున వ్యాఖ్య రచించిన ఎలకూచి బాలసరస్వతి పాలమూరు సీమలోని జటప్రోలు సంస్థానాధీశులైన సురభివారి యాదరము పొందినవాఁడు. ఆ శబ్దచింతామణినే విస్తరించి 1656 ప్రాంతమున అప్పకవీయమును రచించిన అప్పకవి యింటిపేరు కాకునూరువారు. ఆ కాకునూరు 2016లో జిల్లాలు పునర్విభక్తములగువఱకు మహబూబునగరు జిల్లాలోనిదే. ఈ లాక్షణికుల సంప్రదాయమున సంజ్ఞాపరిచ్ఛేదమే మొదటిది: సంధికిని సమాసమునకును ముందు భాషయందు వర్ణము లెన్ని, యేవి సంస్కృతసమములు, యేవి తెలుఁగునకు సహజములు అని తేల్చుదురు. 19వ శతాబ్దమున చిన్నయసూరి సంస్కృతమునకు ఏఁబది, ప్రాకృతమునకు నలువది, తెలుఁగునకు ముప్పదియాఱు వర్ణములని నిర్ణయించుటయు ఈ క్రమముననే. ఈ లెక్క నోటినిబట్టినది, చేతివ్రాఁతనుబట్టినది గాదు. కొమ్ము ఈ ముప్పదియాఱులో వేఱుగాఁ జేరదు. యూనికోడ్ పట్టిక వ్రాఁతనుబట్టినది. రెంటిని ఒకటిగా భావించుటయే పొరపాటులకెల్ల మూలము.

ఇతర దేశముల గణకులును ఈ జాగ్రత్త నెఱిఁగినవారే. రష్యా దేశమున మార్కోవ్ అను గణితజ్ఞుఁడు 1913లో పుష్కిన్ రచించిన ‘యెవ్గేనీ ఒనేగిన్’ కావ్యమునుండి వరుసగా 20,000 అక్షరములను చేతితో లెక్కించి, అచ్చులు 8,638, హల్లులు 11,362 అని తేల్చెను. ఆ భాషయందు తనకుఁ దాను ధ్వని లేని రెండు గుర్తులను లెక్కనుండి తొలఁగించెను. దేనిని లెక్కింపవలెనో ముందు నిర్ణయించినపిమ్మటనే యాయన లెక్క మొదలైనది. సంభావ్యతాశాస్త్రమున నేఁడును ఆయన పేరున ప్రసిద్ధమైన శృంఖలాసిద్ధాంతమునకు ఈ యక్షరగణనమే తొలి యుదాహరణము.

యంత్రశాస్త్రజ్ఞులును తెలుఁగు అక్షరమును క్రమముగా నెఱుఁగుచున్నారు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ యను సంయుక్తాక్షరమునకు సంబంధించిన యొక చిహ్నశ్రేణి ఐఫోనులలో సందేశములను చూపు సాధనములను స్తంభింపఁజేసినది. ఆ నెలలోనే యాపిల్ సంస్థ సవరణ పంపినది. చదువరి యొక అక్షరముగాఁ జూచుదానిని యంత్రమును ఒకటిగాఁ జూచునట్లు చేయు సూత్రములు యూనికోడునందుఁ గలవు. ప్రాఁత సూత్రములనుబట్టి ‘త్ర’ యనునది ‘త్’ అనియు ‘ర’ అనియు విఱిగి రెండగుచుండెను. కావ్యనామము పదుమూఁడుగా లెక్కకు వచ్చుచుండెను. 2023 సెప్టెంబరున వెలువడిన 15.1వ రూపము తెలుఁగు మొదలగు కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరము విఱుగరాదని విధించినది. అప్పటి కా నామము పండ్రెండైనది. పలకపై ఓనమాలు దిద్దు బాలుఁడు చెప్పు లెక్కయు నదియే.

ఇంతమాత్రమున యంత్రము ఛందోవేత్త యైనదని తలఁపరాదు. ‘చేసెన్’ అను పదమును ఆ క్రొత్త సూత్రము చే, సె, న్ అని మూఁడుగా లెక్కించును. ఛందస్సునందు పొల్లు వేఱుగా నిలువదు. పూర్వాక్షరమునఁ జేరి దానిని గురువు చేయును. అచట ‘చేసెన్’ రెండక్షరములే. లిపి యక్షర మొకటి, ఛందోఽక్షర మొకటి, వర్ణ మొకటి, యంత్రచిహ్న మొకటి. గణవిభజనమునకు రెండవది, నిరోష్ఠ్యపరీక్షకు మూఁడవది, తాళపత్రమునం దెన్ని యక్షరములు శిథిలమైనవో తెలుపుటకు మొదటిది ఉపయోగించును. నాలుగవది ఈ మూఁటిని చేరుటకు సోపానము మాత్రమే.

నల్లగొండ, పాలమూరు సీమల కావ్యములను పరిష్కరించువారు యంత్రగణనమును విడువ నక్కఱలేదు. పీఠికలో పట్టిక వేయునపుడు నాలుగు విషయములను స్పష్టముగాఁ దెలుపవలెను: లెక్కింపఁబడినది అక్షరమా, వర్ణమా, చిహ్నమా, గుణింతములు అచ్చులతోఁ జేర్పఁబడినవా, వకార, అనుస్వార, ఋకారములయెడ నే నియమము పాటింపఁబడినది, ప్రతి ఏకరూపమునకుఁ దేఁబడినదా. ఇవి తెలిపిన పట్టికను తరువాతివారు సరిచూడఁగలరు. తెలుపని పట్టిక యెంత పెద్దదైనను సాక్ష్యము గాదు.

ఒక్క వర్ణమును జాఱనీయకుండ రామకథను పెదవి కదలని మాటలతో చెప్పఁబూనిన కవి, తన చేతనున్న ప్రతి మాటను నోటితో తూఁచి యుండవలెను. నాలుగు శతాబ్దములు గడచినపిమ్మట ఆయన పాఠమును పరీక్షించువారు అంతకుఁ దక్కువ శ్రద్ధతో తూఁచుట న్యాయము గాదు. తూఁచు పని యంత్రము చేయనిండు. తూకపురాయి యేదియో నిర్ణయింపవలసినది వ్యాకరణము.